ఫోనులో సిరి

"కాస్త వెనక్కి జరగండమ్మా, అంతా కనపడాలి" అంటూ డబంకా బాబాయ్ పోస్టరు విప్పి మా గోడకి ఆనించి పట్టుకున్నాడు.

నిలువెత్తు పోస్టరు. పైన అదాయ్ మావయ్య, రాజుగారిలా కెంటే బట్ట చుట్టుకుని, బతికుండగా ఎన్నడూ కూర్చోని కుర్చీలో కూర్చున్నాడు. కింద మా అన్నయ్య బఫోర్, ఎవరిదో కోటు తొడుక్కుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. మావయ్య కన్నపిల్లల బొమ్మలన్నీ కలిపినా మా అన్నయ్య బొమ్మంత లేవు.

"చావు పోస్టరు మీద ఆ నవ్వేమిటి బాబాయ్?" అన్నాను.

"డబ్బున్నవాడు ఎక్కడైనా నవ్వొచ్చే అడోమా" అన్నాడు డబంకా. "కుమాసీ ఊరికి నాలుగు దిక్కులా అంటిస్తున్నాం. మీ అన్నయ్య ఇక బజార్లో నడిస్తే జనం ఆగి చూస్తారు."

అన్నయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పోస్టరు వంక ఒక్కసారి చూసి తల తిప్పుకున్నాడు. అమ్మ మాత్రం దగ్గరకెళ్ళి, చావుకని నుదుటికి కట్టుకున్న ఎర్రగుడ్డ పైకి జరుపుకుని, ముందు తమ్ముడి మొహం తడిమింది, తర్వాత కొడుకు మొహం తడిమింది.

ఇదంతా మా అమ్మ తొందరపాటు వల్లే వచ్చింది. మావయ్య చనిపోయిన ఎనిమిదో నాటి కూడికలో, వంశమంతా షామియానా కింద కూర్చుని ఉండగా, మా పెద్దమ్మ కొడుకు ఫ్రింపాంగ్ ఒక మాట అన్నాడు. వాడు మినీ బస్సు నడుపుతాడు, నోరు కూడా హారన్ లాంటిదే. "మావయ్య పొట్ట మాడ్చుకుని మేనల్లుణ్ణి కాలేజీలో చదివించాడు. ఆ మేనల్లుడు ఇవాళ మావయ్య శవపేటికకి మేకులు కూడా కొనలేడు" అన్నాడు. అంతే, అమ్మ లేచి అన్నయ్య చేతిలో ఫోను లాక్కుని అందరి మొహాల ముందూ తిప్పింది. "చూడండి! నా కొడుకు ఖాళీగా కూర్చున్నాడా? చూడండి!" అని అరిచింది. తెర మీద పచ్చటి అంకెలు. లక్ష డాలర్ల పైమాటే. పెద్దవాళ్ళు కళ్ళజోళ్ళు తగిలించుకుని మరీ చూశారు. అన్నయ్య నోరు తెరిచాడు. తర్వాత మూసేశాడు.

ఆ మూసిన నోరు ఇవాళ్టిదాకా తెరుచుకోలేదు.

ఇవాళ మా ఇంటికొచ్చిన వంశం పెద్ద సర్పాంగ్ తాత కుర్చీలో సర్దుకున్నాడు. ఆయన నేరుగా ఎవరితోనూ మాట్లాడడు, డబంకా చెవిలో చెబితే డబంకా గొంతు పెంచి మనకి చెబుతాడు. మా గది ఎంతుందని? ఆయన గొణిగింది మాకందరికీ వినపడింది. అయినా డబంకా మళ్ళీ చెప్పాడు.

"తాతగారు అంటున్నారు, శవపేటిక వడ్రంగి ముందస్తు అడుగుతున్నాడట. షామియానాలవాడు అడుగుతున్నాడట. అదాయ్‌ని ఉంచిన మార్చురీవాళ్ళు సరేసరి. బఫోర్ ఆ ఫోనులోంచి కొంచెం బయటికి తీస్తే పనులు కదులుతాయట."

"తీస్తాను తాతా" అన్నాడు అన్నయ్య నేల చూస్తూ. "కొంచెం టైము పడుతుంది. సముద్రం అవతల్నించి రావాలి."

"నడిచొస్తోందా?" అన్నాడు తాత వెనకాల కూర్చున్న ఫ్రింపాంగ్. "ఎక్కడిదాకా వచ్చిందో చెప్పు, నా బండేసుకెళ్ళి ఎక్కించుకొస్తా."

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది, నా కొడుకుని ఇప్పుడు ఎవరేమన్నా నాకు లెక్కలేదన్నట్టు. డబంకా గొంతు సవరించుకుని ఏదో సామెత అందుకోబోతే తాత చెయ్యెత్తి ఆపాడు. లేచి, ఈసారి మాత్రం తన నోటితోనే అన్నాడు, "రేపు సాయంత్రం వస్తాం నాయనా. మీ మావయ్యని అక్కడ చలిలో ఎక్కువ రోజులు ఉంచకు."

వాళ్ళు వెళ్ళాక లోగిట్లో పక్కవాటా వాళ్ళు ఫుఫు ముద్దకి కర్రపెండలం దంచుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

"ఎంత పడితే అంత తియ్యి నాయనా" అంది అమ్మ. "అంతా ఒక్కసారే తియ్యక్కర్లేదు. శవపేటికకి, షామియానాకి. తిండి సంగతి తర్వాత చూద్దాం."

అన్నయ్య మంచం మీద కూర్చుని ఫోను రెండు అరచేతుల మధ్యా పెట్టి నొక్కుకుంటున్నాడు.

నేను దర్జీదాన్ని. పొద్దుట్నించీ చావు బట్టలే కుడుతున్నాను, నలుపూ ఎరుపూ, నలుపూ ఎరుపూ. కళ్ళు మండుతున్నాయి. ఒళ్ళూ మండుతోంది. ఫోను వాడి చేతుల్లోంచి లాగేసుకున్నాను.

"నిన్న నీ వెనకాలే నిలబడ్డాను నేను. నువ్వు కొన్న బంగారం ధర పడిపోయి ఇందులో మొత్తం ఊడ్చుకుపోయింది. నువ్వు తల పట్టుకుని 'అయిపోయింది' అన్నావు. మరి ఇవాళ మళ్ళీ నిండుగా ఎలా ఉంది?"

"నింపాను."

"దేంతో నింపావ్?"

"అక్కడొక బొత్తాం ఉంటుంది. నొక్కితే నిండుతుంది."

అమ్మ నా వంక చూసింది. నేను అమ్మ వంక చూశాను. బొత్తాం నొక్కితే నిండే డబ్బు మా ఇళ్ళలో ఎవరమైనా చూశామా?

"సరిగ్గా చెప్పు" అన్నాను.

"నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే ఖాతా అది. డెమో అంటారు. ముందు దాంట్లో చెయ్యి తిరిగాక నిజందాంట్లోకి దిగాలి. ధరలు నిజమే. గ్రాఫులు నిజమే. నేను కొనడం అమ్మడం అంతా నిజంగానే చేస్తాను. డబ్బు మాత్రం..."

"డబ్బు మాత్రం?" అంది అమ్మ.

"డబ్బు ఉత్తుత్తిది అమ్మా."

అమ్మ నా చేతిలో ఫోను వంక చూసింది. తర్వాత, బేరం చివర్లో కొసరు అడిగే గొంతుతో అడిగింది, "ఒక్క శవపేటిక వరకైనా రాదా?"

"ఒక్క మొక్కజొన్న కెంకీ ముద్ద కూడా రాదు."

"ఎన్నిసార్లు నొక్కావురా ఆ బొత్తాం?" అన్నాను. అన్నయ్యని నేను ఎప్పుడూ రా అనలేదు. ఆ పూట నోట్లోంచి అదే వచ్చింది.

"లెక్కపెట్టలేదు."

"మరి ఆ రోజు నోరు తెరిచావు కదా! ఎందుకు మూశావ్? ఇది ఆట డబ్బు అని ఒక్క ముక్క అంటే నీ సొమ్మేం పోయేది?"

"నన్నెవరు అడిగారు? ఫోను అమ్మ లాక్కుంది. నేనా చూపించాను?" అన్నయ్య గొంతు పెద్దది చేశాడు. మళ్ళీ అంతలోనే తగ్గింది. "వాళ్ళందరూ నా వంక అలా చూడ్డం అదే మొదటిసారి అడోమా. చదువైపోయినప్పట్నించీ నన్నెవరూ అలా చూడలేదు. సర్పాంగ్ తాత లేచి నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. నాకు మాట రాలేదు."

వాణ్ణి చూస్తే జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడే పోదాం పదండి" అన్నాను. "తాత కాళ్ళ మీద పడి చెప్పేద్దాం. తిడతారు. ఫ్రింపాంగ్ ఏడాదిపాటు బస్సులో అందరికీ చెప్పుకుని నవ్వుతాడు. నవ్వనీ. పోస్టరు ఇంకోటి వేయించుకుంటారు. అందరూ తలా కొంచెం వేసుకుని మావయ్యని మట్టి చేస్తారు, మామూలుగా అందరి ఇళ్ళల్లో జరిగినట్టే."

అన్నయ్య తలూపాడు. ఊపాడు, ఒట్టు. చెప్పులు కూడా వేసుకున్నాడు.

"కూర్చో" అంది అమ్మ.

బట్ట బిగించి కట్టుకుంది. మంచం కింద పెట్టెలోంచి కొట్టు తాళాలు తీసింది. ఎక్కడికే అంటే చెప్పలేదు. వెనకే పరిగెత్తాను.

బజార్లో మా కొట్టు పొగబెట్టిన చేపల వరసలో ఉంది. మా అమ్మమ్మ ఒక బుట్టతో నేల మీద కూర్చుని మొదలుపెట్టి సంపాదించిన చోటు అది. తర్వాత అమ్మది. తర్వాత నాది. ఆ మాట నేను అన్నది కాదు, అమ్మే అంది. ఈ వానలు వెళ్ళగానే నువ్వొచ్చి కూర్చోవే, నా మోకాళ్ళు ఇక ఒప్పుకోవడం లేదు అని. అందుకే నేను కుట్టుపనిలో కొత్త మిషను కొనలేదు. అందుకే నన్ను చేసుకుంటానన్నవాడితో ఆగమన్నాను. కొట్టు చేతికొస్తే నా కాళ్ళ మీద నేను నిలబడి అప్పుడు చేసుకుంటానన్నాను. ఆ వరసలో చోటు దొరకాలంటే ఎవరైనా చావాలి. మామూలుగా కూతుళ్ళకి తప్ప పైవాళ్ళకి పోదు.

పక్కకొట్టు అగాథా ఎన్నేళ్ళనించో దానిమీద కన్నేసి ఉంది. అమ్మ నేరుగా ఆమె ముందుకెళ్ళి నిలబడింది.

"నువ్వెప్పుడూ అడిగేదానివి కదా. ఇంకా కావాలా?"

అగాథా చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది.

"అమ్మా!" అన్నాను. "అది నాది."

"నేను బతికుండగా నాది."

"నువ్వు మాటిచ్చావ్. అన్నయ్య ఉత్తుత్తి డబ్బుకి నిజం కొట్టు ఇచ్చేస్తావా? ఇదేం న్యాయం?"

అమ్మ నన్ను రెక్క పట్టుకుని వరస వెనక్కి, పొగ కొలుముల దగ్గరికి లాక్కెళ్ళింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో దేనికో.

"మార్చురీలో పడుకున్నది నా తమ్ముడే. నా నోటి వల్ల వాడి చావు నవ్వులపాలు కావడం నేను చూడలేను."

"మరి నేను?"

"మీ అన్నయ్య సంగతి నీకు తెలీదా? ఈ మాట బయటపడితే వాడు ఇంట్లోంచి బయటికి రాడు. వాడు బతకడే. నువ్వు బతుకుతావు. నీకు చేతులున్నాయి, నోరుంది. నువ్వు బతకగలవు కాబట్టే నీది అమ్ముతున్నాను."

ఇన్నాళ్ళూ నేను గట్టిదాన్నని మెచ్చుకుంటుంటే సంబరపడ్డాను. ఆ గట్టితనానికి దొరికిన బహుమతి ఇది.

చేపల వరస ఆడవాళ్ళందరికీ పెద్ద, రాణమ్మ వచ్చింది. ఆవిడ రాకుండా, ఆవిడ ముందు జిన్ను సారా సీసా పెట్టకుండా మా బజార్లో చోటు చేతులు మారదు. ఆవిడ ముక్కుసూటి మనిషి. అమ్మని ఎగాదిగా చూసి అడిగింది.

"ఏమ్మా బిరాగో, కొడుక్కి ఫోనునిండా డాలర్లంటున్నారే. మరి కొట్టెందుకు అమ్మడం? కూతురుంది కదా కూర్చోడానికి."

ఒక్క మాట నిజం చెప్పవే అమ్మా అనుకున్నాను. రాణమ్మకి చెబితే చాలు, ఆవిడే ఏదో దారి చూపించి ఉండేది.

అమ్మ నవ్వింది. "కొడుకు కూర్చోబెట్టి తిండి పెడతానంటున్నాడు రాణమ్మా. కూతురికీ వేరే కొట్టు పెట్టిస్తాడట, అద్దాలది. ఇంక ఈ పొగ మాకెందుకు?"

వరసలో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒకామె పాట అందుకుంది. అగాథా లోపలి గుడ్డల్లోంచి డబ్బు తీసి ఇచ్చింది. రాణమ్మ జిన్ను కొంచెం నేలమీద పోసి, పోయిన పెద్దల పేర్లు పిలిచి, మా అమ్మమ్మ పేరు కూడా పిలిచి, చోటు మారిందని చెప్పింది. తాళాలు అమ్మ చేతిలోంచి అగాథా చేతిలోకి వెళ్ళాయి. అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపుతూ అదృష్టవంతురాలివే అంటున్నారు.

మర్నాడు సాయంత్రం ఎండ తగ్గుతుండగా పెద్దలు వచ్చారు. ఈసారి మావయ్య భార్య డోర్కాస్ అత్త కూడా వచ్చింది. మా ఆచారంలో మావయ్య ఆస్తి అక్కచెల్లెళ్ళ పిల్లలకే తప్ప ఆవిడకి చెందదు, అందుకని గుమ్మం పక్కన ఒదిగి కూర్చుంది.

అన్నయ్య డబ్బు కట్ట తాత ముందు పెట్టాడు. అమ్మ ఏమీ మాట్లాడవద్దని ముందే చెప్పింది.

ఫ్రింపాంగ్ కట్ట వంక చూశాడు. మొదటిసారి వాడికి హారన్ మోగలేదు. లేచొచ్చి అన్నయ్య ముందు వంగాడు. "తమ్ముడూ, ఎనిమిదో నాడు నేనన్నది మనసులో పెట్టుకోకు. నీ ఫోను ఉత్త బొమ్మేమో అనుకున్నా. ఇంత తొందరగా తెస్తావనుకోలేదు."

"పర్లేదు అన్నా" అన్నాడు అన్నయ్య. ఆ మాట అనేటప్పుడు వాడి వెన్ను నిటారుగా అయింది. నేను చూస్తూనే ఉన్నాను.

డబంకా తాత నోటి దగ్గరికి చెవి వంచి, మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. "మేము ముసలమ్మని అడిగి వస్తాం" అన్నాడు. లోగిట్లో ఏ ముసలమ్మా లేదని అందరికీ తెలుసు. పెద్దలు ఏదైనా పక్కకెళ్ళి తేల్చుకోవాలంటే అలాగే అంటారు. నీళ్ళ డ్రమ్ము వెనక్కి వెళ్ళి గుసగుసలాడుకున్నారు. పోస్టరు మీద అన్నయ్య మాత్రం అదే నవ్వు నవ్వుతున్నాడు.

తిరిగొచ్చి కూర్చున్నాక డబంకా గొంతు సవరించుకున్నాడు.

"తాతగారు అంటున్నారు. వంశానికి అసలైన మగాడు దొరికాడట. మన కోకో తోట మీద వచ్చిన డబ్బు ఇన్నాళ్ళూ తాతగారి పెట్టెలో ఊరికే పడి ఉందట. అంత్యక్రియలకి ఇంకా టైముంది కదా. అది బఫోర్ చేతికిస్తే, ఫోనులో వేసి పెంచి, అదాయ్‌ని ఈ కుమాసీ మర్చిపోలేనట్టు సాగనంపుతాడట. మిగిలింది పిల్లల చదువులకట."

తాత బట్ట మడతలోంచి సంచి తీశాడు.

"నాది కూడా వెయ్యి" అన్నాడు ఫ్రింపాంగ్. "సొంత బండి కొందామని దాచుకున్నా. ఇంకా ఎన్నాళ్ళు ఇంకొకడి బండి తోలను?"

గుమ్మం దగ్గర అలికిడి అయింది. డోర్కాస్ అత్త లేచింది. నడుం దగ్గర బట్ట ముడి విప్పుకుంటూ వచ్చింది. వేళ్ళు వణుకుతున్నాయి, ముడి రావడం లేదు. పంటితో లాగింది.

"మీ మావయ్య పోయేముందు నా చేతిలో పెట్టింది నాయనా. ఇంకేం లేదు నాకు. అంత్యక్రియలయ్యాక ఈ ఇంట్లో నా చోటేంటో నాకు తెలీదు. కొంచెం పెంచి ఇస్తే పిల్లల్ని తీసుకుని మా ఊరెళ్ళిపోతాను."

"తాతా" అన్నాను నేను.

అందరూ నా వంక తిరిగారు.

"అడోమా" అంది అమ్మ. "వెళ్ళి నీళ్ళు పట్టుకురా."

నేను కదల్లేదు. అమ్మ నా కళ్ళలోకి చూసింది. చెబితే ఏమవుతుందో నాకూ తెలుసు. కొట్టు తిరిగి రాదు. పోయిన కొట్టు ఒట్టినే పోయినట్టవుతుంది. ఫ్రింపాంగ్ ఆ కట్ట ఎక్కడిదని అడుగుతాడు, తెల్లారేసరికల్లా బజారు బజారంతా మా అమ్మ మొహాన నవ్వుతుంది. నా గొంతులో మాట ఉంది. దేవుడు నన్ను ఏమైనా అననీ, అది బయటికి రాలేదు.

సరే, నేను కాకపోతే వాడున్నాడు కదా అనుకున్నాను. నిన్న చెప్పులు వేసుకున్నాడు కదా. ఈసారి నోరు తెరుస్తాడు. అత్త వేళ్ళు చూశాక కూడా ఎవడైనా మూసుకుంటాడా?

అన్నయ్య మొహంలో భయం కోసం వెతికాను. ఎంత వెతికినా లేదు. ఎన్నాళ్ళుగానో నేను చూడని వెలుగు ఉంది అక్కడ, మావయ్య కాలేజీ ఫీజు కట్టొచ్చిన రోజు ఉన్నటువంటిది. కుడిచెయ్యి చాపి తాత సంచి తీసుకున్నాడు. ఫ్రింపాంగ్ కవరు తీసుకున్నాడు. అత్త నోట్లు పంటిగాటుతో సహా తీసుకున్నాడు. తీసుకుంటున్న ఆ చెయ్యి కొంచెం కూడా వణకలేదు.

"అమ్మా, రేపు నన్ను పెందలాడే లేపు" అన్నాడు. "లండన్‌లో బంగారం బజారు తెరిచే వేళకి నేను సిద్ధంగా ఉండాలి."

"లేపుతాను నాయనా" అంది అమ్మ.